నేను సరిచేసిన రిషభం

ఇరవై ఏళ్ళ పైమాటే. ఒక అబద్ధాన్ని గుండెల మీద కుంపటిలా మోస్తున్నాను. చిన్న అబద్ధం. చిన్నదని నేనంటున్నాను గానీ, దాని కొలత నాకు తెలీదు. ఎవరి ప్రాణమూ పోలేదు. ఎవరి పొలమూ పోలేదు. పోలీసులకు చెబితే నవ్వి పొమ్మంటారు. ఇంట్లో చెబితే, "ఇంతేనా?" అంటారు. ఆ "ఇంతేనా" వినే ఓపిక లేకే ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదేమో. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మధ్యలో విసుగొచ్చి లేచి వెళ్ళిపోయినా నాకు కనిపించరు కదా.

నా పేరు వద్దు. రాజమండ్రిలో నాకో రికార్డింగ్ స్టూడియో ఉండేది. స్టూడియో అనగానే పెద్దగా ఊహించుకోకండి. దానవాయిపేటలో ఒక మేడ మీద రెండు గదులు. ఒక గది గోడలకు స్పాంజి అంటించి, తలుపుకు పాత పరుపు మేకులతో కొట్టాను. పాడేవాళ్ళు అందులో కూర్చునేవారు. రెండో గదిలో కంప్యూటరూ, నేనూ. అంతకుముందు పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రాకి కీబోర్డు వాయించేవాణ్ణి. అందుకని అందరూ నన్ను మాస్టారూ అనేవారు. భక్తి పాటల క్యాసెట్లు, బట్టల షాపుల ప్రకటనలు, ఎన్నికలొస్తే పార్టీల పాటలు. ఇవీ నా వ్యాపారం.

ఆ కంప్యూటరుతో నేను పడిన బాధ పగవాడికి కూడా వద్దు. పాట సగంలో ఉండగా తెర బిగుసుకుపోయేది. మౌస్ ఎటు జరిపినా కదిలేది కాదు. కరెంటు పోతే అంతవరకూ చేసిందంతా గోదాట్లో కలిసేది. సాఫ్ట్‌వేరు కొన్నది కాదు. హైదరాబాదులో ఒక స్నేహితుడు సీడీలో ఎక్కించి ఇచ్చాడు. కొననిదానికి పుస్తకం రాదు, అనుమానం వస్తే అడగడానికి మనిషీ ఉండడు. ఏ మీట నొక్కితే ఏమవుతుందో నొక్కి చూసి తెలుసుకోవడమే. రోజుకి నాలుగుసార్లయినా దాన్ని ఎత్తి కిందికి విసిరేద్దామనిపించేది.

ఆ సీడీలోనే గొంతు సరిచేసే ప్లగ్‌ఇన్ ఒకటుంది. పాడేవాళ్ళ శ్రుతి కాస్త అటూ ఇటూ అయితే పట్టుకుని దారిలో పెడుతుంది. అయితే దానికో షరతు. ఈ పాటలో ఏయే స్వరాలు ఉంటాయో ముందే చెప్పాలి. చెప్పిన స్వరాలే దానికి స్వరాలు. చెప్పనిది వినబడిందా, తప్పనుకుని పక్కనున్న స్వరంలోకి తోసేస్తుంది. ఈ ఒక్క ముక్కా గుర్తు పెట్టుకోండి. అప్పట్లో మా ఊళ్ళో అది నా ఒక్కడి దగ్గరే ఉందని నా నమ్మకం. "గొంతు ఎలా ఉన్నా తీసుకురండి, మిగతాది నేను చూసుకుంటాను" అని ఊరంతా డప్పు కొట్టుకున్నాను. ఆ డప్పే నా కొంప ముంచిందని రాయబోయి ఆగాను. మునిగింది నా కొంప కాదు.

కడియంలో అబ్బులుగారని ఒక నర్సరీ యజమాని. పట్టిసీమ వీరభద్రస్వామికి పాటల క్యాసెట్ చేయిస్తానని ఆయన మొక్కుకున్నారు. శివరాత్రి తీర్థానికి అది బయటికి రావాలి. ఎనిమిది పాటలు. ఏడు మా ఆర్కెస్ట్రా వాళ్ళు పాడితే చాలన్నారు. ఎనిమిదోది మాత్రం తన నర్సరీలో పనిచేసే ఒకామె పాడాలని పట్టుబట్టారు. ఆమె అసలు పేరు రాయను. నూకరత్నం అనుకుందాం.

నూకరత్నానికి అప్పటికి యాభై ఏళ్ళుంటాయి. మొక్కల కోసం ప్లాస్టిక్ కవర్లలో మట్టి నింపే పని ఆమెది. పాతికమంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని మట్టి నింపుతుంటే, ఆమె పాట అందుకునేదట, మిగతావాళ్ళు వంత పాడేవారట. ఆమె తల్లిది పట్టిసీమ దగ్గర పల్లె. ఆ తల్లి నేర్పిన వీరభద్రుడి పాట అది. "ఆ పాట నడుస్తుంటే ఎవరి చెయ్యీ ఆగదండి, లోడు తొందరగా లేస్తుంది" అని అబ్బులుగారు పాటని కూడా వ్యాపారంలో కలిపి మాట్లాడారు గానీ, అదంటే ఆయనకు నిజంగానే ప్రాణం.

ఆ రోజు పొద్దున్న పది గంటలకు ఇద్దరూ వచ్చారు. ఆమె ఉతికిన చీర కట్టుకుని, తల్లో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. గోళ్ళలో ఎర్రమట్టి మాత్రం అలాగే ఉంది. స్పాంజి గది గుమ్మం ముందు చెప్పులు విప్పి, గుమ్మానికి దండం పెట్టి లోపలికి వెళ్ళింది. కుర్చీ వేస్తే వద్దంది. కింద కూర్చుంటే గానీ పాట రాదంది. మైకు స్టాండు అంత కిందికి దిగదు. దాన్ని విప్పి, పక్కకి వంచి, ఇటుక మీద నిలబెట్టేసరికి నాకు అరగంట పట్టింది, సహనం సగం పోయింది.

ఆమె చెవుల్లో తంబురా శ్రుతి పెట్టాను. ఐదో శ్రుతి. తబలా తరవాత, వేణువు ఆ తరవాత కలుపుకోవచ్చని నా లెక్క. పాడింది. పాట ఐదు స్వరాల్లోనే తిరుగుతుంది, షడ్జం నుంచి పంచమం దాకా. "గోదారి నడుమా కొలువున్న సామీ" అని ఎత్తుగడ. ఆ "నడుమా" దగ్గర చిన్న రిషభం పడుతుంది. సంగీతం తెలియనివాళ్ళకు చెబుతాను. హార్మోనియం మీద ఆమె షడ్జం ఒక తెల్లమెట్టు అయితే, దానికి ఆనుకుని ఒక నల్లమెట్టు ఉంటుంది. అది చిన్న రిషభం. ఆ నల్లమెట్టు దాటితే మళ్ళీ తెల్లమెట్టు, అది పెద్ద రిషభం. ఆమె గొంతు ఆ నల్లమెట్టు మీద వాలి, కాస్త ఊగి, షడ్జంలోకి దిగేది. ఆ దిగడంలోనే ఆ పాటలో ఉన్న వేడుకోలంతా ఉంది. నేను ఆ మొదటిసారే విన్నాను. బాగుందనుకున్నాను కూడా. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తరవాత దాచుకోవడానికి వీల్లేకుండా.

పాట పూర్తవుతుండగా కంప్యూటరు బిగుసుకుంది. మొత్తం పోయింది. మళ్ళీ పాడమన్నాను. పాడింది. ఈసారి నిలిచింది గానీ, అప్పటికి నాకు ఒళ్ళు మండిపోతోంది. అబ్బులుగారేమో లారీ లోడు ఉందని గడియారం చూసుకుంటున్నారు. "ఏదీ, నీ మిషను పనితనం చూపించవయ్యా" అన్నారు. సరేనని గొంతు మీద ప్లగ్‌ఇన్ వేసి, ఆమెను బయటికి పిలిచి, స్పీకర్లలో వినిపించాను.

అబ్బులుగారి మొహం వెలిగిపోయింది. "అబ్బో, సినిమా పాటలా నున్నగా వచ్చిందయ్యా" అన్నారు. నూకరత్నం మొహం మాత్రం అలా లేదు. పరాయి ఇంట్లోకి పొరపాటున అడుగుపెట్టినదానిలా నిలబడింది. పాట అయ్యేదాకా ఆగి, మెల్లిగా అంది.

"బాబూ, ఇది నేను పాడింది కాదండి."

"మీ గొంతే కదమ్మా."

"గొంతు నాదేనండి. పాటే ఏదో అయిపోయింది. 'నడుమా' అన్నకాడ కిందకి ఒదిగుండాలండి. ఇది పైకెళ్ళిపోతంది. మాయమ్మ అలా అనేది కాదండి."

నా చెవికీ తగిలింది. తగల్లేదని చెబితే ఈ రాతకు అర్థం లేదు. అదేదో తేడాగా ఉందని నాకూ తెలిసింది. కానీ ఎందుకో తెలీలేదు. తెలీదని ఒప్పుకోవాలంటే అబ్బులుగారి ముందు ఒప్పుకోవాలి. ఊరంతా డప్పు కొట్టిన మిషను నాకే అంతు చిక్కలేదని ఒప్పుకోవాలి. రెండుసార్లు పాడించాక, పొద్దుట్నుంచీ దానితో కుస్తీ పట్టాక, మట్టి కవర్లు నింపే ఆమె వచ్చి నా పనిలో తప్పు చూపిస్తే పడాలి. ఇందులో ఏది నన్ను ఎక్కువ పొడిచింది? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. మూడోదేనేమో అని భయం.

"మీరు అక్కడ శ్రుతి తప్పుతున్నారమ్మా" అన్నాను. "మిషను దాన్ని సరిచేసింది. మిషనుకు అబద్ధం చెప్పడం రాదు. ఇలా రండి, చూడండి."

తెర మీద రెండు గీతలు చూపించాను. ఒకటి ఆమె పాడింది, వంకరలు తిరుగుతూ. రెండోది మిషను దిద్దింది, మెట్లు కట్టినట్టు. "ఇది మీది, ఇది ఉండాల్సింది" అన్నాను. ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుని తెర దగ్గరికి వచ్చింది. చాలాసేపు చూసింది. చదువు రానివాళ్ళు ఆసుపత్రిలో ఎక్స్‌రే చూస్తారే, అలాగ.

"అయితే చిన్నప్పట్నించీ తప్పే పాడతన్నానన్నమాట" అంది. తెర మీంచి కళ్ళు తియ్యకుండానే అడిగింది. "మాయమ్మ కూడా తప్పే పాడేదంటారా?"

ఇక్కడ ఆగాలి. నాకు దారి ఉంది. నవ్వేసి ఊరుకోవచ్చు. ఆవిడ సంగతి నాకేం తెలుసమ్మా అనొచ్చు. ఆవిణ్ణి నేనెన్నడూ వినలేదు. ఎప్పుడో పోయిన మనిషి. ఆ ప్రశ్న నాదాకా రావాల్సిన అవసరమే లేదు. అయినా జవాబు చెప్పాను.

"అయ్యుండొచ్చమ్మా."

అంతే. ఆ ఒక్క మాట. దీన్ని ఇరవై ఏళ్ళలో ఎన్ని రకాలుగా తిప్పి చూశానో. "ఉండొచ్చు" అన్నాను కదా, "అవును" అనలేదు కదా అని ఒకరోజు. చిరాకులో నోరు జారింది అని ఇంకో రోజు. ఏదీ నిలవలేదు. నోరు జారితే వెనక్కి తీసుకోవచ్చు. నేను తీసుకోలేదు.

తరవాత ఆమె మళ్ళీ లోపలికి వెళ్ళింది. తనంతట తానే వెళ్ళింది, నేర్చుకుంటానంది. మూడుసార్లో నాలుగుసార్లో పాడింది. ప్రతిసారీ బయటికొచ్చి వినడం, "ఇప్పుడు సరిపోయిందాండి?" అనడం. ఆమె ఎంత జాగ్రత్తగా పాడితే పాట అంత చెడింది. ఆ "నడుమా" దగ్గరికి వచ్చేసరికి గొంతు వణికేది. చివరికి ఎత్తుగడే రాలేదు. దగ్గు వచ్చిందని బయటికి వచ్చి, అబ్బులుగారితో, "నాకు శ్రుతి లేదండి, ఎవరైనా చదువుకున్న అమ్మాయి చేత పాడించండి" అంది. ఆయన నావైపు చూశారు. నేను కీబోర్డు వైపు చూశాను. వెళ్తూ వెళ్తూ ఆమె నాకు దండం పెట్టింది. మీ టైము పాడుచేశానండి మాస్టారూ అంది.

ఇంతవరకూ అయితే నన్ను నేను ఎలాగోలా క్షమించుకునేవాణ్ణి. తెలీక చేశానని. అసలు సంగతి ఆ తరవాత వచ్చిన మంగళవారం జరిగింది.

ఆమె పాడవలసిన పాటను మా ఆర్కెస్ట్రా అమ్మాయికి నేర్పాలి. దానికోసం ఆ ఫైలు తెరిచాను. ప్లగ్‌ఇన్ విండోలో ఏదో వెతుకుతుంటే కంటబడింది. స్వరాల వరస దగ్గర "మేజర్" అని ఉంది. ఆమె పాడటానికి ముందు రోజు చేసిన బట్టల షాపు ప్రకటన తాలూకు అమరిక అది. అదీ ఐదో శ్రుతే. నేను మార్చడం మరిచిపోయాను. మేజర్ అంటే మన శంకరాభరణం లాంటి వరస, అందులో చిన్న రిషభం ఉండదు. నూకరత్నం నల్లమెట్టు మీద వాలినప్పుడల్లా ఆ మిషను, ఇక్కడ ఇలాంటి స్వరమే లేదు పొమ్మని, ఆమెను ఒకచోట పెద్ద రిషభంలోకి ఎగదోసింది, మరోచోట షడ్జంలోకి కుదేసింది.

ప్లగ్‌ఇన్ తీసేసి, ఉత్త గొంతు విన్నాను. పక్కన కీబోర్డు మీద నల్లమెట్టు నొక్కి పెట్టి విన్నాను. ఎక్కడా తప్పలేదు. ఆ తల్లి ఏం నేర్పిందో అదే. కడియం ఎంత దూరం? బస్సెక్కితే ముప్పావుగంట. అబ్బులుగారి ఇంటికి ఫోను ఉంది. ఒక్క ఫోను చేసి, "పొరపాటు నాదండి, ఆమెను పంపించండి" అంటే అయిపోయేది. శివరాత్రికి ఇంకా రెండు వారాలుంది.

చెయ్యలేదు. ఏం చేశానో చెబుతాను. ఆమె పాడిన ఫైళ్ళన్నీ చెరిపేశాను. హార్డ్‌డిస్కులో చోటు చాలదని నాకు నేనే చెప్పుకున్నాను. చోటు చాలదన్న మాట నిజమే. కానీ అందులో ఎన్నికల పాటలు ఉన్నాయి, ఎవరికీ అక్కరలేనివి, అవి ఉంచాను. ఇక ఆ అమ్మాయికి పాట నేర్పాను. ఎలా నేర్పాను? పెద్ద రిషభంతో. చిన్న రిషభంతో నేర్పితే అబ్బులుగారు విని, మరి మా నూకరత్నం పాడిందీ ఇదే కదయ్యా అంటారని. దొంగ తన అడుగులు తుడుచుకున్నట్టు ఒక పాటలోంచి ఒక స్వరాన్ని తుడిచేశాను.

క్యాసెట్ వచ్చింది. పట్టిసీమ ఇసకలో, లాంచీల రేవు దగ్గర, చెరుకురసం బండ్ల పక్కన మైకుల్లో మోగింది. బాగా పోయింది. మరుసటి ఏడు మరిన్ని కాపీలు వేయించారు. ఆ ఎనిమిదో పాటనే జనం ఎక్కువ పాడుకున్నారు, ఎక్కడ విన్నా పెద్ద రిషభమే. ఒకసారి బజారులో అబ్బులుగారు కలిసి, "నీ మిషను ఏం మందు పెట్టిందో గానీ, మా నూకరత్నం పాట మానేసిందయ్యా. నర్సరీలో మట్టి చప్పుడే వినబడుతోంది" అన్నారు. నేను నవ్వాను. అవును, నవ్వాను. ఇంకేం చెయ్యాలో తోచక.

తరవాత ఏళ్ళు గడిచాయి. ఎవరి ఇంట్లో వాళ్ళే రికార్డింగు చేసుకునే రోజులొచ్చి నా స్టూడియో మూతపడింది. ఆ మధ్య మా ఇంటి డాబా మీదకు మొక్కలు కావాలని కడియం వెళ్ళాను. కావాలనే అబ్బులుగారి నర్సరీకి వెళ్ళానో, కాళ్ళే తీసుకెళ్ళాయో. షెడ్డు కింద ఆడవాళ్ళు మట్టి నింపుతున్నారు. పాట వినిపించింది. ముందు పాడుతున్నది నూకరత్నమే. జుట్టు పూర్తిగా నెరిసింది, గొంతు మాత్రం అదే.

నన్ను చూసి గుర్తుపట్టి లేచి నిలబడింది. ఎంత సంతోషం ఆ మొహంలో! క్యాసెట్ కొనుక్కుందట. ఏడాదిపాటు నోరు విప్పకుండా వింటూనే ఉందట. విని విని మెల్లమెల్లగా దిద్దుకుందట. "పాతది నోట్లోంచి పోడానికి చానాకాలం పట్టిందండి మాస్టారూ. మాయమ్మ మాట అడ్డొచ్చేసేది" అని, నా ముందు నిలబడి, చేతులు కట్టుకుని, ఎత్తుగడ పాడి వినిపించింది. "నడుమా" దగ్గర పెద్ద రిషభం. ఖచ్చితంగా. వెంట్రుకవాసి తేడా లేకుండా.

"ఇప్పుడు సరిగ్గా ఉందాండి?" అంది.

చెప్పాల్సింది అప్పుడే కదా? మీరూ అదే అంటారు. నేనూ ప్రతి రోజూ నాతో అదే అంటాను. కానీ ఏం చెప్పాలి? తల్లి పాటను చెరుపుకోవడానికి ఆమె అన్ని రోజులు కష్టపడింది. ఆ కష్టం వృథా అని, ఆ తల్లిది తప్పు కాదని, ఇప్పుడు వెనక్కి వెళ్ళి దాన్ని వెతుక్కోమని చెప్పనా? అది గుర్తుంటుందా ఆమెకి? నా దగ్గరున్న ఒక్క ఆధారాన్నీ నేనే చెరిపేశానే. ఇవన్నీ ఆమె మీద జాలితో ఆలోచించానని అనుకోవాలని ఉంది. నిజం అది కాదు. ఆ మొహంలో ఆ గౌరవం పోవడం చూడలేకపోయాను, అంతే.

"చాలా బాగుందమ్మా" అన్నాను. రెండు మందారాలు, ఒక నందివర్ధనం కొనుక్కుని వచ్చేశాను.

ఇప్పటికీ కడియం అక్కడే ఉంది. బస్సులు నడుస్తూనే ఉన్నాయి. వెళ్ళకుండా ఇక్కడ కూర్చుని, ముక్కూ మొహం తెలియని మీకు రాస్తున్నాను. ఇది పిరికితనమని తెలుసు, మీరు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. మీ నుంచి క్షమ కూడా అడగడం లేదు. అది ఇవ్వవలసిన మనిషి మీరు కాదు, ఇవ్వగలిగిన ఆమెకేమో ఆ అవకాశమే నేను ఇవ్వలేదు. ఒక్క వాక్యం మాత్రం ఎక్కడో ఒకచోట రాసి ఉండాలనుకున్నాను, నా చేత్తో, నా మాటల్లో. రాస్తుంటే చెయ్యి తేలికైంది, ఎందుకో.

నూకరత్నం శ్రుతి తప్పలేదు. వాళ్ళమ్మా తప్పలేదు. ఆ సంగతి నాకు ఆ మంగళవారం నుంచీ తెలుసు.